పేరు లేని తప్పు

అమ్మణ్ణీ,

నువ్వు పాఠాలు చెప్పే కాలేజీలో ర్యాగింగ్ వ్యతిరేక కమిటీ తరఫున గోడకు అంటించే ప్రకటన రాసే పని నీకు పడిందని, ఇంగ్లిషు నమూనాలో ‘హోమోఫోబియా’ అని ఉన్న చోట మన భాషల్లో ఏం రాయాలో పాలుపోవడం లేదని ఫోన్‌లో అడిగావు. ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. నిఘంటువు తిరగేస్తే ‘స్వలింగ సంపర్కుల పట్ల విముఖత’ అనో మరొకటో దొరుకుతుంది. దాన్ని రాసి అంటిస్తే పిల్లలు చదువుతారు గానీ, అది తన గురించేనని ఒక్కడూ అనుకోడు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. బడిపిల్లల మధ్యే జుట్టు నెరిసినదాన్ని, ఈ విషయంలో నీకు చెప్పాల్సింది చాలా ఉంది. ఓపిగ్గా చదువు తల్లీ.

మన కేజీఎఫ్, అదే కోలారు బంగారు గనుల ఊరి సంగతి నీకు తెలియంది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో తమిళం. చిత్తూరు వైపు నుంచీ, ఉత్తర ఆర్కాటు నుంచీ వచ్చి గనిలో దిగినవాళ్ల సంతానం మనమంతా. నడకలోనో మాటలోనో కాస్త మెత్తదనం ఉన్న మగపిల్లవాడు కనబడితే ఏడిపించేదానికి ఈ మూడు భాషల్లో మాటలకు కొదవలేదు. తమిళంలో ‘ఒంబోదు’, కన్నడంలో ‘ఒంబత్తు’ (రెండింటికీ తొమ్మిది అనే అర్థం), ‘చక్కా’. తెలుగులో ‘ఆడంగి’, ‘కొజ్జా’. సినిమాలు చూసి నేర్చుకున్నది ‘తేడా’. రాయడానికే చెయ్యి రావడం లేదు, అయినా నువ్వు రోజూ కారిడార్లో వినే మాటలివే కాబట్టి రాశాను. ఇన్ని పేర్లూ ఆ పిల్లవాడికే. వాణ్ణి ఏడిపించినవాడు చేసిన పనికి మాత్రం మూడు భాషల్లో ఏ ఒక్కదానిలోనూ ఎవరూ పేరు పెట్టలేదు. అడిగితే ‘ఊరికే తమాషాకి మిస్’ అంటారు. నేను నీకు చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే: ఆ పిల్లలకు పేర్లు పెట్టింది చాలు, వాళ్ల పట్ల మన నడతకు పేరు పెట్టు.

పేరుకు అంత బలం ఉందా అంటావేమో. మీ ముత్తాత చాంపియన్ రీఫ్‌లో పనిచేశారు. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గని అది. రాతి ధూళి పీల్చి పీల్చి ఆయన జతగాళ్లు ఎందరో దగ్గుతో చిక్కి శల్యమైపోయారు. ఊళ్లో వాళ్లను టీబీ మనుషులనేవాళ్లు, గ్లాసు వేరే పెట్టేవాళ్లు. ఆ దగ్గుకు సిలికోసిస్ అనే పేరు డాక్టరు కాగితం మీదికి ఎక్కాక గానీ అది గని తెచ్చిన జబ్బని, నష్టపరిహారం గని ఇవ్వాలని అడిగే వీలు కలగలేదు. పేరు లేనంత కాలం తప్పు దగ్గేవాడి మీదే ఉండింది.

మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. హాజరు పట్టీలో వాడి నంబరు తొమ్మిది. నంబర్లు పిలిచి హాజరు వేసుకోవడం అప్పటి అలవాటు. ‘ఎంటు’ అనేసరికే వెనక బెంచీల్లో కదలిక మొదలయ్యేది. ‘ఒంబత్తు’ అనగానే గుప్పున నవ్వు. వాడు లేచి నిలబడి, ‘ప్రెసెంట్ మిస్’ అనేముందు చొక్కా కింది గుండీని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేవాడు. రోజూ అంతే. వాడి గొంతు సన్నం, ముగ్గులంటే ఇష్టం, కబడ్డీకి రమ్మంటే రాడు. వాడి నేరాలు ఇవే. తనకు ఎవరి మీద మనసు పోతుందో వాడికే ఇంకా తెలియని వయసు, కానీ ఆ క్లాసు మాత్రం తీర్పు చెప్పేసింది. నేను నంబర్లు మానేసి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. నవ్వు క్లాసులోంచి మైదానానికి పోయింది, అక్కడి నుంచి బస్టాండుకు పోయింది. ఒకరోజు అందరికంటే పెద్దగా నవ్వేవాణ్ణి పక్కకు పిలిచి, ‘నువ్వు చేసిందేమిటో నీ నోటితో చెప్పు’ అన్నాను. ‘తమాషా మిస్’ అన్నాడు. ‘కాదు, ఇంకో మాట వెతుకు’ అన్నాను. నేల చూశాడు, గోడ చూశాడు, చాలాసేపటికి ‘వాణ్ణి అవమానం చేసినాను మిస్’ అన్నాడు. ఆ మాట వాడి నోట వచ్చాక మళ్లీ ఆ పిల్లవాడి జోలికి పోలేదు. తక్కినవాళ్లు పోతూనే ఉన్నారు. ఏడాది చివర్లో ఆ పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఇక నువ్వు అడిగిన మాట పుట్టుక చెబుతాను. జార్జ్ వైన్‌బర్గ్ అని అమెరికాలో ఒక మనస్తత్వ నిపుణుడు ఉండేవాడు. 1960ల్లో స్వలింగ ప్రేమ అక్కడి డాక్టర్ల పుస్తకాల్లో మానసిక రుగ్మత కింద లెక్క. చదువుకున్న నిపుణులే స్వలింగ ప్రేమికులతో కలిసి కూర్చోవాలంటే ఇబ్బంది పడటం ఆయన గమనించాడు. ఇబ్బంది అంతా ఇటువైపు ఉంటే రోగం అటువైపు ఉందంటారేమిటి అనుకుని, ఈ ఇబ్బందికే ‘హోమోఫోబియా’ అని పేరు పెట్టాడు. 1969లో ఆ మాట పత్రికలో అచ్చయింది, 1972లో ఆయన తన పుస్తకంలో దాన్ని విప్పి చెప్పాడు. మరుసటి ఏడాది, అంటే 1973 డిసెంబరులో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రుగ్మతల జాబితా నుంచి స్వలింగ ప్రేమను తీసేసింది. ఒక్క మాట వల్లే అది జరిగిందని నేను అనను, వీధుల్లో కొట్లాడినవాళ్లు, సభల్లో నిలదీసినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ అంతవరకూ పరీక్ష బల్ల మీద పడుకున్నవాడు లేచి కూర్చుని, పరీక్షించేవాడి వంక చూసేలా చేసిన మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తన జాబితా నుంచీ తీసేసింది. మే 17న ఈ వివక్షకు వ్యతిరేకంగా లోకమంతా ఒక దినం పాటించేది అందుకే. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో ఇది జబ్బు కాదని స్పష్టంగా చెప్పింది.

అయితే అమ్మణ్ణీ, ఆ మాటతో చిక్కు కూడా ఉంది. ఫోబియా అంటే భయం. ఎత్తంటే భయపడేవాడు, నీళ్లంటే భయపడేవాడు తానే చెమటలు పట్టి బాధపడతాడు, ఎదుటివాణ్ణి బాధపెట్టడు. బస్టాండులో ఒక పిల్లవాణ్ణి నలుగురు చుట్టుముట్టి బ్యాగు లాక్కుంటే ఆ నలుగురిలో ఉన్నది భయమని ఎట్లా అంటాం? పైగా దాన్ని జబ్బు అంటే చేసినవాడు బాధ్యత నుంచి తప్పించుకుంటాడు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2012లో తన విలేఖరులకు ఈ మాట వాడొద్దని చెప్పింది, తర్వాత ఆ పట్టు కొంత సడలించింది. గ్రెగరీ హెరెక్ అనే మనస్తత్వవేత్త 2000 ప్రాంతంలో దీన్ని ‘సెక్సువల్ ప్రెజుడిస్’ అనడం మేలన్నాడు. కులం మీదా మతం మీదా మనుషులకుండే దురభిప్రాయం లాంటిదే ఇదీ, నేర్చుకున్నదే గనక మానుకోవచ్చు అని ఆయన వాదన. నాకు ఆయన మాటే నచ్చింది. కోలారు జిల్లాలో పుట్టినవాళ్లకు కులం పేరిట నేర్చుకున్న దురభిప్రాయం ఎట్లా ఉంటుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి నీ ముందున్నది ఏమిటో మొదట చూడు, ఆ పైన మాట ఎంచుకో. అన్నిటికీ ఒకే ముద్ర వేసి ‘నువ్వు హోమోఫోబిక్’ అని ఎదుటివాళ్ల నుదుటి మీద అంటించకు. ఏడిపించడం వేధింపు. హాస్టల్లో గది ఇవ్వకపోవడం, పనిలోంచి తీసేయడం వివక్ష. పంక్తిలో పక్కన కూర్చోకపోవడం, పెళ్లికి పిలవకపోవడం వెలి. చెయ్యి చేసుకుంటే అది దాడి, పోలీసు కేసు. వీటికి మన భాషలో నిక్షేపంలాంటి మాటలున్నాయి. కుల విషయంలో మన పెద్దలు ఈ మాటలతోనే కొట్లాడారు, ఇప్పుడు కొత్తవి పుట్టించనక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, అది కంటికి ఆనదు. ఎవరూ తిట్టరు, కొట్టరు. ‘నీకు ఎట్లాంటి అమ్మాయిని చూడమంటావు?’ అని పిన్ని అడుగుతుంది. పాఠ్యపుస్తకంలో, సినిమాలో, పెళ్లిపందిట్లో ఆడ, మగ జంట తప్ప మరొకటి దాదాపు కనబడదు. అందరూ ఒకే రకం అనే ఆ ధీమాను ఇంగ్లిషులో హెటిరోసెక్సిజం అంటారు. తెలుగులో నేను దాన్ని ‘లెక్కలోకి తీసుకోకపోవడం’ అంటాను. పిన్నిది చెడ్డబుద్ధి కాదు. ఆమె మనసులో అట్లాంటి పిల్లవాడు ఉండే చోటే లేదు, అంతే. ఆమెను ద్వేషి అని అంటే అబద్ధం అవుతుంది, ఆమె జన్మలో మళ్లీ నీ మాట వినదు కూడా.

మత విశ్వాసం ఉన్నవాళ్ల సంగతీ చెబుతాను. రాబర్ట్‌సన్‌పేటలో గుడి, చర్చి, మసీదు, బుద్ధ విహారం అన్నీ పక్కపక్కనే చూశావు. ‘నా గ్రంథం దీన్ని ఒప్పుకోదు’ అని ఒక పెద్దమనిషి అంటే అది ఆయన అసమ్మతి. ఆయనతో వాదించు, గౌరవంగా వాదించు. అదే మనిషి ఆ మాట అడ్డం పెట్టుకుని పిల్లవాణ్ణి ఇంట్లోంచి గెంటితే అది ఇక అసమ్మతి కాదు, అప్పుడు గౌరవం పక్కనపెట్టి పిల్లవాడి వైపు నిలబడు. ఈ రెండింటి మధ్య గీత చెరిగిపోతే మన మాటకు విలువ ఉండదు.

భయం అన్న మాట సరిగ్గా అతికేది ఒక్కచోటే, అది తల్లిదండ్రుల దగ్గర. కొడుకు వచ్చి ‘అమ్మా, నాకు అమ్మాయిల మీద మనసు పోదు’ అంటే ఆ తల్లికి మొదట వచ్చేది కోపం కాదు. ‘రేపు నలుగురూ ఏమంటారు, నా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు, వీడి చెల్లెలికి సంబంధం ఎట్లా కుదురుతుంది’ అనే వణుకు. ఆ వణుకులోనే ఆమె గుడికి పరుగెత్తుతుంది, తాయెత్తు కడుతుంది, చివరికి అందరూ చెప్పే మందు, ‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’, దాన్నే నమ్ముతుంది. శ్రీనివాసపురం వైపు మామిడి కోతలు అయ్యాక మంచి ముహూర్తం చూసి పెళ్లి చేస్తారు. ఏమీ సర్దుకోదు. వచ్చిన పిల్లకు తన తప్పేమిటో తెలియక కుమిలిపోవడం, ఆ పిల్లవాడు ఇంటికి రావడం తగ్గించేయడం, ఇట్లాంటి కాపురాలు మన వీధుల్లో నేను చూశాను. ఎవరి ఇళ్లో రాయను. నిన్ను అట్లాంటి తల్లి కలిస్తే ‘మీకు హోమోఫోబియా’ అనొద్దు. ఆమె భయాన్ని భయం అనే పిలువు, దేనికి భయపడుతోందో విడివిడిగా అడుగు. ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటే సగం తేలికవుతుంది. తక్కిన సగానికి వాళ్లను ఒంటరిగా వదిలేయకుండా మనం పక్కన ఉండాలి.

ఆ భయం చేతుల్లోకి దిగితే ఏమవుతుందో మన పొరుగునే చూడు. 2025 మేలో మద్రాసు హైకోర్టు ముందుకు వేలూరు జిల్లా పోలీసుల మీద ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ వచ్చింది. ఇరవై అయిదేళ్ల యువతిని ఇంటివాళ్లు నిర్బంధించారని, విడిపించమని ఆమె స్నేహితురాలు దాన్ని వేసింది. న్యాయమూర్తులు జి.ఆర్. స్వామినాథన్, వి. లక్ష్మీనారాయణన్ ఆ అమ్మాయితోనే మాట్లాడారు. తనను బలవంతంగా ఇంటికి తీసుకుపోయారని, కొట్టారని, ‘మామూలు మనిషిని’ చేయడానికి ఏవేవో క్రతువులు చేయించారని ఆమె చెప్పింది. కోర్టు ఆమెకు స్వేచ్ఛ ఇచ్చింది, ఇంటివాళ్లు అడ్డుపడకూడదంది, పట్టించుకోని పోలీసులను తప్పుపట్టి రక్షణ కల్పించమంది. అదే సమయంలో ఆ తల్లి బాధనూ అర్థం చేసుకుంది. అందరు తల్లులూ లీలా సేఠ్ కాలేరు కదా అన్నది. లీలా సేఠ్ ఎవరో తెలుసు కదా, మన దేశంలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి మహిళ, రచయిత విక్రమ్ సేఠ్ తల్లి, కొడుకు పక్షాన నిలబడి బహిరంగంగా రాసిన మనిషి. ఆ తీర్పులోనే ‘క్వీర్’ అన్న మాట మీదా న్యాయమూర్తులు సందేహం చెప్పారు. ఆ మాటకు వింత, విపరీతం అని అర్థం ఉంది, తన స్వభావం తనకు సహజమే అయిన మనిషిని అట్లా ఎందుకు పిలవాలి అన్నారు. ఆ మాటను తామే ఎత్తుకుని గర్వంగా వాడుకునేవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల హక్కు. నువ్వు మాత్రం ఎదుటి మనిషిని అడిగి, వాళ్లు చెప్పిన మాటతోనే పిలువు.

ఈ విషయంలో మన తమిళ పొరుగువాళ్లు మనకంటే ముందున్నారు. 2021లో మదురై నుంచి ఇద్దరు యువతులు ఇళ్లు వదిలి చెన్నై చేరి అదే హైకోర్టును ఆశ్రయించారు. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేష్ ఈ విషయం తనకు సరిగ్గా తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ ఉత్తర్వు ఇచ్చారు. అంత ఎత్తు కుర్చీలో ఉన్నవాళ్లు చదువుకోవడానికి సిగ్గుపడలేదు, అది చూసి ఒక ఉపాధ్యాయురాలిగా నా గుండె నిండిపోయింది. ‘మార్చేస్తాం’ అని చేసే కన్వర్షన్ థెరపీని ఆయన నిషేధించమన్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని డాక్టర్ల వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద ప్రకటించింది. ఆ కేసు పుణ్యానే ఈ మనుషుల గురించి గౌరవంగా మాట్లాడే మాటల పట్టికను తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది గెజెట్‌లో అచ్చువేసింది. మన వీధిలో తమిళం మాట్లాడే పిల్లలకు ‘తిరునంగై’ అనే గౌరవమైన మాట ఇప్పుడు తెలుసు. అది ట్రాన్స్ మహిళలకు వాడేది. తెలుగు పత్రికలు నేటికీ ‘స్వలింగ సంపర్కులు’ అనే రాస్తాయి. ఒక మనిషి జీవితమంతటినీ పడకకు కుదించే మాట అది. ‘స్వలింగ ప్రేమికులు’ అను, లేదా ‘తమ లింగానికే చెందినవారి మీద ఆకర్షణ ఉన్నవారు’ అను. కాస్త పొడవైనా ఫరవాలేదు. బెంగళూరులో హక్కుల కార్యకర్తలు కన్నడంలో ‘లైంగిక అల్పసంఖ్యాతరు’ అంటారు. 2001లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కర్ణాటక శాఖ వీళ్ల మీద జరిగే అన్యాయాల గురించి నివేదిక తెచ్చింది, దాన్ని సంపాదించి చదువు.

హిజ్రాల సంగతి దీనితో కలిపేయకు. తాను ఆడో మగో అన్నది ఒకటి, తన మనసు ఎవరి మీదికి పోతుందన్నది వేరొకటి. ట్రాన్స్ మనుషుల పట్ల ఉన్న ఏవగింపును ట్రాన్స్‌ఫోబియా అంటారు, దాని దెబ్బలు వేరే రకం. అద్దెకు ఇల్లు దొరకదు, పని దొరకదు. బెంగళూరులో సంగమ సంస్థలో పనిచేసిన ఎ. రేవతి తన జీవితం తానే రాసింది. పి. సత్యవతి గారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసి, సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందారు. మీ లైబ్రరీకి తెప్పించు.

ఆడపిల్లలను మరిచిపోవద్దు. మగపిల్లలకు తిట్టు ఉంది, ఆడపిల్లలకు అదీ లేదు, వాళ్లు ఉన్నారనే ఎవరూ అనుకోరు. ఇద్దరు అమ్మాయిలు చేతిలో చెయ్యి వేసుకుని తిరిగితే మంచి స్నేహం అంటారు. వాళ్లలో ఒకతె పెళ్లి వద్దన్నరోజున తలుపుకు గడియ పడుతుంది. నీ క్లాసులో ఉన్నట్టుండి రాకుండాపోయిన అమ్మాయి గురించి ఆరా తీయడం మానకు.

అన్నిటికంటే నాకు బెంగ పుట్టించేది ఒకటుంది. చిన్నప్పటి నుంచి విన్న తిట్టు లోపలికి ఇంకి, ఆ పిల్లవాడే తనను తాను అసహ్యించుకోవడం మొదలుపెడతాడు. ఇంగ్లిషులో దాన్నీ హోమోఫోబియా అనే అంటారు, లోపలిదని ముందు ఒక మాట చేరుస్తారు. మనం దాన్ని ‘ఇంకిన సిగ్గు’ అందాం. 2001లో గనులు మూతపడ్డాక మన పిల్లలు తెల్లవారుజామునే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. అక్కడ సొంత పేరుతో, సొంత మనుషులతో నవ్వుతూ తిరిగే పిల్లవాడు సాయంత్రం బంగారుపేట దాటగానే ఫోన్‌లో ఫొటోలు చెరిపేసి, చెవిపోగు తీసి జేబులో వేసుకుంటాడు. అట్లాంటివాడు నీ ఎదుట అందరికంటే గట్టిగా ‘తేడాగాళ్లు’ అని నవ్వినా ఆశ్చర్యపోకు. గట్టిగా నవ్వేవాళ్లలో కొందరు దాక్కుంటున్నవాళ్లు. అందుకే మందలించేటప్పుడు కూడా చేసినదాన్ని మందలించు, మనిషిని నలుగురిలో చిన్నబుచ్చకు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ప్రకటనకు అక్కరకొస్తుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో తెల్లవాళ్లు పెట్టిన, స్వలింగ సంబంధాలను నేరంగా చేసిన 377 సెక్షన్ పరిధిని ఢిల్లీ హైకోర్టు 2009లో తగ్గించింది, సుప్రీంకోర్టు 2013లో తిరిగి నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఉండే సంబంధం నేరం కాదన్నారు. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకెక్కిన కేసుల్లో మొదటి పేరు హైదరాబాదులో కాపురముండే జంటదే. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేమంది. ఆ తీర్పు నాకు నచ్చలేదు. నీ కాలేజీకి నేరుగా వర్తించేది మాత్రం వేరే. యూజీసీ 2016లో తన ర్యాగింగ్ నిబంధనలను సవరించి, లైంగిక ధోరణి కారణంగానో, ట్రాన్స్ మనిషి అయిన కారణంగానో విద్యార్థిని శారీరకంగా, మానసికంగా హింసించడం, వెలివేయడం ర్యాగింగే అని రాసింది. కాబట్టి నువ్వు రాసేది నీ సొంత అభిప్రాయం కాదు, నియమం. ఎవరైనా పెద్దలు ‘ఇట్లాంటివి గోడల మీద ఎందుకమ్మా’ అంటే ఆ కాగితం చూపించు.

ఇప్పుడు ప్రకటన. హోమోఫోబియా అనే మాట తీసేయి. దాని బదులు ఇట్లా రాయి: ‘తోటి విద్యార్థి ఎవరిని ఇష్టపడతారన్నది చూసి గానీ, వారి నడక, గొంతు, వేషం చూసి గానీ పేర్లు పెట్టి పిలవడం అవమానం. పక్కన కూర్చోనివ్వకపోవడం వెలి. ఫొటో గానీ రహస్యం గానీ బయటపెడతామనడం బెదిరింపు. ఇవన్నీ ర్యాగింగ్. తమాషా కాదు.’ కన్నడంలో, తమిళంలో కూడా ఇంతే సూటిగా రాయించు. ఆ మూడు భాషల్లోనే తిడుతున్నారు కాబట్టి ఆ మూడింటిలోనూ ఉండాలి. పెద్ద ఆసామి ఒకరు ‘హోమోఫోబియా అంటే ఏమిటి’ అని అడిగితే, అప్పుడు వైన్‌బర్గ్ కథ చెప్పు.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ప్రకటన చూసి ఎవరో ఒకరు నీ గది తలుపు దగ్గర నిలబడతారు. రేపే కాకపోవచ్చు, పరీక్షల ముందు కావచ్చు. వాళ్లు చెప్పింది విను, సలహా తొందరపడి ఇవ్వకు, ‘నిజంగానా?’ అని అడగకు. విన్నది స్టాఫ్ రూమ్‌లో చెప్పకు, ప్రిన్సిపాల్‌కు చెప్పకు, మంచి చేద్దామని వాళ్ల అమ్మానాన్నలకు అసలే చెప్పకు. ఎవరికి ఎప్పుడు చెప్పాలన్నది ఆ పిల్లలది. వాళ్ల కంటే ముందు నువ్వు చెబితే అదీ హింసే, ప్రేమతో చేసినా సరే. ఒక్క ప్రాణాపాయం అనిపిస్తే తప్ప ఆ మాట నీ గడప దాటకూడదు.

రెండోది, ఆ బరువు నువ్వొక్కదానివే మోయాలనుకోకు. నిమ్హాన్స్ పర్యవేక్షణలో నడిచే టెలి మానస్ ఫోన్‌లో తెలుగు, కన్నడం, తమిళం మూడింటిలోనూ ఉచితంగా మాట్లాడతారు, పగలూ రాత్రీ కూడా. దాని నంబరు 14416. ప్రకటన అడుగున పెద్ద అంకెల్లో వేయించు.

ఇట్లు,
మీ అవ్వ